నీలం గుడ్డ ముందు తీసిన ఫొటో

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మాది ఎల్లారెడ్డిలో చిన్న ఇంటర్నెట్ సెంటర్. ఎవరైనా ఫోన్ చేతిలో పట్టుకుని గబగబా లోపలికి వస్తే చాలు, చేస్తున్న పని ఆపి వాళ్ల మొహం చూస్తాను. తెలిసిపోయిందా? ఇంకా లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నా పాత లాప్‌టాప్ తెర పగిలి నల్లబడింది. కామారెడ్డిలో పాత సామాను కొనే దుకాణానికి ఇచ్చేద్దామనుకున్నాను. దసరా పూజలో మూత మీద పెట్టిన పసుపు కుంకుమలు ఇంకా అంటుకునే ఉన్నాయి. పూజ చేసిన వస్తువును బొట్టుతో అమ్మకూడదని మా ఇంట్లో పట్టింపు. తడిగుడ్డతో ఒకటికి రెండుసార్లు తుడిచి దణ్ణం పెట్టాను. లోపల ఉన్నవి చెరపాలని తోచలేదా? తోచింది. వేరే తెర తగిలించి చెరిపేస్తానని దుకాణం అతను అన్నాడు కూడా. బస్సు వెళ్లిపోతుందన్న తొందర, తెరే లేనిదాంట్లో ఎవరేం చూస్తారులే అన్న బద్ధకం. వద్దని అలాగే అమ్మేసి వచ్చాను.

అందులో స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం మా సెంటర్లో నీలం గుడ్డ ముందు నేను తీసిన ఆడపిల్లల ఫొటోలున్నాయి.

కొన్ని నెలలకు సుజాత వచ్చింది. మా వీధి పిల్ల, నర్సింగ్ చదువుతోంది. ఎవరో ఆమె ఫొటోతో నకిలీ ఖాతా తెరిచి మగపిల్లలకు పాడు మాటలు రాస్తున్నారు. ఫోన్ చూడగానే నాకు అర్థమైపోయింది. స్కాలర్‌షిప్ కోసం వచ్చిన రోజు ఆమెవి రెండు ఫొటోలు తీశాను. చున్నీ సర్దుకుంటూ నవ్విన మొదటిది పనికిరాదని, రెండోదే ఆమెకు పంపాను. ఖాతాలో ఉన్నది నవ్విన ఫొటో.

"అన్నా, గిది నువ్వు తీసిందే. ఎన్కల నీ నీలం గుడ్డ చూడు. గీ ఫొటో నా ఫోన్ల లేనే లేదు."

"రెండు పంపిన గద, యాదిలేదా? నువ్వే ఎవరికన్న పంపి తీసేసినవేమో."

"ఎవ్వలకు పంపలే అన్నా, ఒట్టు. బాపు నమ్ముతలేడు. నువ్వొక్కసారి అచ్చి చెప్పరాదు?"

"నేనేం చెప్పాలె? పని కాంగనే నేను అన్ని తీసేస్త."

నమ్మింది. తన జ్ఞాపకాన్నే అనుమానించుకుంటూ వెళ్లిపోయింది. తెలియదని ఊరుకుంటే పోయేది కదా, నింద పిల్ల మీదికి ఎందుకు తోశాను? సెంటర్ మూతపడుతుందని, నలుగురూ నిలదీస్తారని భయం. ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నా వచ్చే జవాబు ఒకటే, నేను పిరికివాణ్ణి. వాళ్ల నాన్న చదువు మాన్పించాడు. ఇప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. ఎదురుపడితే ఇప్పటికీ అన్నా అనే పిలుస్తుంది.

మొన్న వాళ్ల నాన్న చిన్నకూతుర్ని ఫొటోకు తీసుకొచ్చాడు. "నీ తానైతే భయం లేదు," అన్నాడు.  కెమెరా చెడిపోయిందని అబద్ధమాడి పంపించేశాను.

ఆయనకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో. మీతో అంటుంటేనే కాస్త ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది. సుజాత ఆ ఫొటో ఎవరికీ పంపలేదు. ఇచ్చింది నేను, నా చేతులతో, కామారెడ్డిలో.