పదకొండు మంది సుజాతలు

చదువు చెప్పి నలుగురిని ఉద్ధరిద్దామని బయల్దేరి, పదకొండు మంది పేర్లు మాయం చేసిన ఘనత నాది. నవ్వండి, నేనేమీ అనుకోను.

డిగ్రీ పూర్తయిన కొత్తలో మా ఊరు ముప్పాళ్ళలో మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళకు సాయంత్రం బడి పెట్టాను. సంతకం వస్తే నరసరావుపేటలో కుట్టు శిక్షణలో చేరొచ్చు, ఎండలో కూలి తప్పుతుంది. అందరిలోకీ పెద్దది కోటమ్మత్త. బలపాన్ని కొడవలి పట్టినట్టు పట్టుకునేది.

మొదటి రోజు బోర్డు మీద నా పేరు రాశాను, కలెక్టరంత దర్జాగా.

"సంతకమంటే ఇట్టా ఉంటది. నేనొచ్చేలోపు దిద్దుతా ఉండండి" అని చెప్పి పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాను. అక్కడ జ్వరం తగిలి రెండు వారాలు ఉండిపోయాను. తిరిగొచ్చిన రోజే కుట్టు శిక్షణ ఫారాలు ఇవ్వడానికి ఆఖరు రోజు. అప్పటికే అందరూ సంతకాలు పెట్టేసి ఉన్నారు. చూడనైనా చూడకుండా కాగితాలు సంచిలో కుక్కి, అందరినీ బస్సెక్కించాను.

ఆఫీసులో గుమాస్తా ఫారాలు తిరగేసి కళ్ళజోడు తీశాడు.

"సుజాత ఎవరమ్మా?"

"నేనే సార్."

"మరి కోటమ్మ?"

"నేనయ్యా" అంది అత్త.

"నీ ఫారం మీద సుజాత అని సంతకమేంది? అన్నిటి మీదా అదే!"

అత్త నా వైపు తిరిగింది. "ఏమే పిల్లా, సంతకమంటే అందరికీ ఒకటే కాదా?"

గుమాస్తా నవ్వాపుకుంటూ కొత్త ఫారాలు చేతిలో పెట్టాడు. "ఐదింటికి తాళమేస్తా. ఆలోపు తెండి."

వరండాలో కూలబడి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఎవరి పేరు వాళ్ళకు దిద్దించాను. కోటమ్మత్త తన పేరు ముందు దుమ్ములో వేలితో రాసుకుని చాలాసేపు చూసింది.

"ఇదా నేను? బాగానే ఉన్నానే!"

నవ్వబోయి ఏడ్చాను. ఐదు కొట్టకముందే పదకొండు ఫారాలూ లోపలికి వెళ్ళాయి. ఆ తర్వాత కూడా సాయంత్రం బడి చాలా రోజులు నడిచింది.

ఇప్పుడు నేను విజయవాడలో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. సాయంత్రమైతే చాలు, మిరపఘాటుకు అందరం కలిసి తుమ్మిన తుమ్ములు, "పంతులమ్మా, నా 'క'కి తలకట్టు ఏడ పెట్టాల?" అన్న కేకలు గుర్తొచ్చి ప్రాణం అటే లాగుతుంది. మొన్న ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"అత్తా, ఆదివారం వస్తా. అందరం ఒకసారి కూర్చుందామా? పాఠం చెబుతా."

"తీరిక ఏడుందే? జాకెట్లు చానా ఉన్నయ్. నువ్వు రా, హుక్కులు కుడుదువుగానీ."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ బోర్డు మీదా ముందుగా నా పేరు రాయను. ఆదివారం మాత్రం వెళ్తున్నాను. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు నాకు. ఈసారి పంతులమ్మ కోటమ్మత్త.