రెండు సర్కార్ల గంట

ఆ రోజుల్లో పంజగుట్ట నుంచి బెజవాడ వెళ్లి రావడమంటే పరదేశం వెళ్లి రావడమే. అక్కడా తెలుగే, అక్కడా పప్పూ అన్నమే, కానీ అది తెల్లవాళ్ల రాజ్యం, మాది నిజాం రాజ్యం. మనిషి రైలెక్కి ఇటు వస్తే ఎవరూ పట్టించుకునేవారు కాదు గానీ, అతని సంచిలో కొత్త వస్తువుంటే దాని మర్యాదలు వేరే జరిగేవి. ఈ సంగతి పెద్దలందరికీ తెలుసట. నాకు తెలియదు. ఇరవై ఏళ్లయినా నిండలేదు, అమీర్‌పేటలో ఒక చిన్న బడిలో కొత్తగా టీచరమ్మనయ్యాను, నాకు తెలియనిదంటూ లోకంలో లేదని నమ్మే వయసు.

మా చర్చికి అప్పట్లో గంట లేదు. ఆదివారం పొద్దున ఒక పెద్దాయన వీధులన్నీ తిరిగి అందరినీ పిలిచేవాడు (ఆయనకు జలుబు చేసిన వారం సగం బెంచీలు ఖాళీ). అది చూడలేక మా అత్త ఆడవాళ్లందరినీ కూడగట్టింది. ఎసరు పెట్టినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున కుండలో వేయాలి, కుండ నిండితే అమ్మాలి. అలా ఏళ్ల తరబడి పోగైన పిడికిళ్లతో, రాబోయే క్రిస్మస్‌కు కంచు గంట కొనమని మా మామను బెజవాడ పంపారు. మామ ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఎవరేమన్నా ‘అందులో ఒక పాయింటుంది’ అనేవాడు కాబట్టి ఆయనను పాయింటు మామ అనేవారు. నాకు ఉర్దూ బాగా వచ్చని, నిజాం రైలు వాళ్లతో మాట్లాడటానికి పనికొస్తానని తోడు నన్ను పంపారు.

గంట కుదిరింది. డబ్బు ఇవ్వబోతే దుకాణదారు ధర మీద ఇంకొంత అడిగాడు. అమ్మకం పన్నట, కొత్తగా పెట్టారట. కొన్నది మేము, అమ్మింది అతను, మధ్యలో సర్కారుకు ఏమిటని నేను నోరు తెరిచాను. మామ మూడు పాయింట్లు లాగాడు. దుకాణదారు మూడూ విని, అదే మొత్తం మళ్లీ చెప్పాడు. దారిలో తినడానికి దాచుకున్నది కూడా అతని చేతిలో పోసి, ఖాళీ కడుపులతో గంటను రైలెక్కించాం.

మా స్టేషన్లో దిగగానే సుంకం నాకా వాళ్లు ఆపారు. బయటి నుంచి వచ్చిన కొత్త సరుకు మీద కరోడ్‌గిరి, అంటే నిజాం సర్కారు సుంకం, కట్టాలన్నారు. పన్ను కట్టిన వస్తువుకు మళ్లీ పన్నా? (ఇప్పుడైతే కేంద్రానికింత, రాష్ట్రానికింత అని ఒకే బిల్లులో పక్కపక్కనే వేస్తున్నారు. అప్పుడు ఒక సర్కారు తీసుకున్నది రెండోదానికి పట్టేదే కాదు.) బడిలో నేర్చిన గ్రంథపు ఉర్దూ అంతా కూడగట్టి అధికారికి విన్నవించాను. నల్ల టోపీ సర్దుకుంటూ ఓపిగ్గా విని, ఆయన చక్కటి తెలుగులో జవాబిచ్చాడు.

“అమ్మినందుకు వాళ్లు తీసుకున్నరు. మా దిక్కు వచ్చినందుకు మేం తీసుకుంటం. గిండ్ల లడాయేముందమ్మా?”

“గంట ఒక్కటే గద సాబ్,” అన్నాడు మామ. “ఒక్కదానికి రెండు సర్కార్లు ఎట్ల వసూల్ చేస్తయి?”

“గంట ఒక్కటే. అమ్ముడువోయింది, సరిహద్దు సుత దాటింది. పనులు రెండు.”

కట్టడానికి మా దగ్గర ఏమీ లేదు. ఉన్నా మామ కట్టేవాడు కాదు. గంటను నాకాలోనే వదిలి ఇంటికి నడిచాం. జరిగింది విని అత్త, ఇంకో ఏడాది బియ్యం తీయాలని ఆడవాళ్లకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలని మాత్రం అడిగింది. మామ అర్జీ మీద అర్జీ పెట్టాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. క్రిస్మస్ దగ్గర పడింది. చివరికి అప్పు చేసైనా విడిపించమని అత్త గట్టిగా చెప్పేసరికి, మామ మొహం ముడుచుకుని నన్ను వెంటబెట్టుకుని మళ్లీ నాకాకు బయల్దేరాడు.

గేటు దగ్గరికి రాగానే కంగుమని మోగింది. నాకా ముందున్న వేపచెట్టుకు మా గంట వేలాడుతోంది. ఒక జవాను దాన్ని శ్రద్ధగా కొడుతున్నాడు. పాయింటు మామకు జీవితంలో మొదటిసారి ఒక్క పాయింటూ దొరకలేదు. లోపలికి వెళ్లి, అది మా గంట అని మాత్రం అనగలిగాను.

అధికారి మొహం ఎర్రబడింది. గంటలు కొట్టే పాత రైలు పట్టా ముక్క పోయిందని, ఇది ఖాళీగా ఉందని జవాన్లు కట్టారని చెప్పాడు. కిటికీలోంచి గంట వైపు చూశాడు.

“కొత్త సరుకు మీదనే పన్ను,” అన్నాడు మెల్లగా. “వాడిన సామాన్‌కు లేదు. గిది వాడినట్టా, కాదా?”

“వాడింది మీరే కదా,” అన్నాను.

“ఎవరు వాడిన్రని కాయిదంల అడగరు బిడ్డా. తీస్కపోండ్రి.”

షుక్రియా చెప్పబోయి, కంగారులో ఆమేన్ అన్నాను. ఆయన తల వంచి నవ్వాడు.

ఎద్దుబండి మాట్లాడుకుని గంటను గడ్డిలో పెట్టాం. ఖైరతాబాదు దాటాక మామ, “గంటనైతే ఇచ్చిండు గాని, మన పాయింటు ఒప్పుకోలే,” అన్నాడు దిగులుగా. ఆయనను ఓదార్చాను కూడా. పెద్దలు తలచుకుంటే ఇదెంత పని, ఒక వస్తువుకు ఒక్కసారే పన్ను కట్టే కాలం వస్తుందని, అది నేను కళ్లారా చూస్తానని. గతుకులకు గంట మోగకుండా రెండు చేతులా ఒడిసిపట్టుకుని, ఆ మాట నిజంగా నమ్ముతూ పంజగుట్ట దాకా వచ్చిన ఆ టీచరమ్మను తలుచుకుంటే ఈ వయసులోనూ నవ్వొస్తుంది. కొంచెం ముద్దు కూడా వస్తుంది.