మా ఇల్లు జర్మనీ వెళ్ళిన వారం

నార్సింగిలో తొమ్మిదో అంతస్తులో మా ఇల్లు. పోయిన చలికాలంలో ఒక వారం పాటు అది జర్మనీలో ఉంది. చేర్చింది నేనే.

పాప పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగాన్ని ఏడేళ్ళయినా మళ్ళీ పట్టుకోలేకపోయాను. నెట్‌వర్క్ పని తెలిసినదాన్నే, కానీ నేను పాలసీసాలు కడుగుతున్నంత కాలం ఆ పని నా కోసం ఆగలేదు. అప్లై చేసిన చోటల్లా ఎంతో మర్యాదగా వద్దన్నారు. చివరికి గచ్చిబౌలిలో ఒక చిన్న కంపెనీ వాళ్ళు ఫోన్లో మాట్లాడి, రెండో రౌండుకి ఆఫీసుకి రమ్మన్నారు. ఇంటి రౌటర్ మీద వీపీఎన్ పెట్టి చూపించాలని ముందే చెప్పారు. ఇది కూడా పోతే ఇక ఎవరినీ అడగకూడదని నిశ్చయించుకున్నాను. ఆ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మా అత్తయ్యగారికి మాత్రం వంటింట్లో చిక్కుళ్ళు తుంచుతూ చెప్పేశాను.

అత్తయ్యగారు నార్సింగి ఊరుగా ఉన్నప్పటి మనిషి. మాది కోనసీమ. పెళ్ళయిన కొత్తలో నేను మాట మాటకీ ‘అండి’ అంటుంటే, ఎవరో సర్కారు మనిషి ఇంటికొచ్చినట్టుందని ఆవిడ నవ్వేది. నాకు వెటకారం పాలు కాస్త ఎక్కువ, కోపం పాలు ఇంకా ఎక్కువ. రెండింటినీ ఆవిడ వాతావరణంలాగే తీసుకుంటుంది.

వీపీఎన్ అంటే పెద్ద మాయేం కాదు. మన ఇంటి నుంచి బయటికి పోయే ఇంటర్నెట్ అంతా తాళం వేసిన సంచిలో ముందు ఇంకో ఊరు వెళ్తుంది, అక్కడ తాళం తీయించుకుని లోకంలోకి పోతుంది. దాంతో లోకం మనల్ని ఆ ఊరివాళ్ళమే అనుకుంటుంది. ఫోన్లో పెట్టుకుంటే ఫోన్ ఒక్కటే వెళ్తుంది. రౌటర్‌కి పెడితే ఇంట్లో ఉన్న టీవీ, ట్యాబ్ అన్నీ కట్టకట్టుకుని వెళ్తాయి. నేను ఎంచుకున్న సర్వర్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది.

మొదట్లో ఇల్లు ఎక్కడికీ వెళ్ళలేదు సరికదా, ఉన్న నెట్ కూడా పోయింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు రౌటర్ని నానా మాటలూ అన్నాను. మా ఆయన ఫోన్ డేటా మీద ఆఫీసు మీటింగులు నడుపుకుంటూ బాల్కనీలో కాపురం పెట్టారు. అత్తయ్యగారి సీరియల్ సరిగ్గా కోడలు గుమ్మం దాటే చోట ఆగిపోయింది. నేను ఒకటే నొచ్చుకుంటుంటే ఆవిడే నన్ను ఊరుకోబెట్టింది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా. ఆమె రేపు గూడ ఏడుస్తది. అప్పుడు చూస్త.”

మూడో రోజు మధ్యాహ్నం, అప్పటికి ఎన్నోసారో, సెట్టింగులన్నీ తుడిచేసి మొదటినుంచీ పెట్టాను. టీవీలో యాడ్ మొదలై, ఎవరో ఎర్రబుగ్గలాయన జర్మన్ భాషలో చీజ్ గురించి గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను గావుకేక పెట్టి అత్తయ్యగారి రెండు చేతులూ పట్టుకుని హాల్లో గిరగిరా తిప్పేశాను. ఆవిడ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి తిరిగింది. ఏడేళ్ళ తర్వాత నా చేత్తో పెట్టిన నెట్‌వర్క్ ఒకటి నడుస్తోంది, అంత సంతోషం నేనెక్కడ దాచుకోను? ఇంటర్వ్యూ అయ్యేదాకా దాన్ని అలాగే ఉంచమని మా ఆయనే అన్నారు, ఏమేం ఇబ్బందులొస్తాయో చూడొచ్చని.

ఇంటర్వ్యూ రోజు పొద్దున పదిన్నరకి అక్కడుండాలి. తొమ్మిదిన్నరకి బయల్దేరదామని తయారై చూస్తే నా బ్యాగు లేదు. ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. మంచం కింద, బీరువా వెనక, చివరికి వాషింగ్ మెషీన్లో కూడా చూశాను. అప్పుడు పూజగది లోంచి అత్తయ్యగారు తీరిగ్గా చెప్పింది.

“నీ బ్యాగు నిన్ననే బయల్దేరింది బిడ్డా. ఎదురింట్ల పెట్టిన.”

సంగతేమిటంటే, ఆవిడ పంచాంగం చూడందే ఆవకాయ జాడీ మూత కూడా తియ్యదు. గోడ క్యాలెండర్లో అక్షరాలు చిన్నవని మా ఆయన ట్యాబ్‌లో పంచాంగం పెట్టిచ్చారు, పెద్ద అక్షరాలతో. ముందురోజు సాయంత్రం అందులో చూస్తే, నేను బయల్దేరే వేళకి సరిగ్గా వర్జ్యం ఉందట. వర్జ్యంలో గడప దాటకూడదు. దాటక తప్పదనుకుంటే ముందే మంచి ఘడియలో మన వస్తువొకటి ఇంకో ఇంట్లో పెట్టి రావాలి. దాన్ని ప్రస్థానం అంటారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, ఆ తర్వాత మనిషి ఎప్పుడు కదిలినా దోషం లేదు. అందుకని ఆవిడ బ్యాగు తీసుకెళ్ళి ఎదురు ఫ్లాటువాళ్ళకి అప్పగించింది. ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎనిమిదింటికల్లా తాళం వేసుకుని ఆఫీసులకి వెళ్ళిపోతారు.

ఎదురింటి తలుపుకి వేలాడుతున్న తాళం చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికొచ్చి, బ్యాగు ఒక్కటీ ఇంటర్వ్యూకి వెళ్తుందా, ఉద్యోగం దానికే ఇస్తారా అని అరిచాను. ఇంకా అనేదాన్నే. కానీ ఆవిడ మొహం చిన్నబోయింది.

“ఇదే ఆఖరుసారి అన్నవ్ గదా. గీ సారన్న నీకు మంచిగ జరగాలె అని పెట్టిన.”

మెల్లగా పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఆవిడ ట్యాబ్ తెరిచే ఉంది. ఇంతింత అక్షరాల్లో వర్జ్యం వేళ, సూర్యోదయం వేళ, అన్నిటికీ పైన ఊరి పేరు. ఫ్రాంక్‌ఫర్ట్. ఇంటితో పాటు పంచాంగం కూడా జర్మనీ వెళ్ళిపోయింది. గోడ క్యాలెండర్ చూస్తే నార్సింగి వర్జ్యం ఎప్పుడో మధ్యాహ్నం. జర్మనీలో పొద్దున పట్టే వర్జ్యానికి భయపడి నా బ్యాగుని తాళంలో పెట్టించింది ఆవిడ కాదు, నేనే. నవ్వాగలేదు. ఆవిడకి విడమరచి చెప్పే టైము లేక, కాళ్ళకి దణ్ణం పెట్టి, ఉత్త ఫోన్ పట్టుకుని బైక్ టాక్సీ ఎక్కాను. దారంతా నవ్వుతూనే ఉన్నాను. ఆ బండతను అద్దంలోంచి రెండుసార్లు చూసి బండి నెమ్మది చేశాడు.

ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఇద్దరు. నా వయసే ఉన్న ఒకావిడ, నెరిసిన జుట్టాయన ఒకరు. సర్టిఫికెట్లు లేవంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా సరే రౌటర్ నా ముందు పెట్టారు. వారం రోజులుగా ఇంట్లో ఇదే పనికి అలవాటుపడ్డ చేతులు కదా, వాటంతట అవే పని చేసుకుపోయాయి. కాసేపటికి రౌటర్ వాళ్ళు చెప్పిన ఊరికి వెళ్ళిపోయింది.

అప్పుడు పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకుని అడిగారు. “అంతా బాగానే ఉందండి. ఇంటి మొత్తానికి ఇలా పెడితే ఇంట్లోవాళ్ళకి ఏం పాడవుతుంది?”

పుస్తకంలో ఉండే జవాబులు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. కానీ నేను వర్జ్యం గురించి చెప్పాను. ట్యాబ్, ఫ్రాంక్‌ఫర్ట్, ప్రస్థానం, ఎదురింటి తాళం, నా సర్టిఫికెట్లు ఇప్పుడెక్కడున్నాయో, ఏదీ దాచకుండా చెప్పేశాను. నా వయసావిడ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయనైతే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. తన పరీక్షలప్పుడు వాళ్ళమ్మగారు ఆయన చెప్పులు పక్కింట్లో పెట్టొచ్చేవారట. మరి దీనికి మందేమిటని అడిగారు. ఇల్లంతా ప్రయాణం కట్టక్కర్లేదని, ఏ వస్తువు ఊళ్ళో ఉండాలో, ఏది వెళ్ళాలో రౌటర్‌లోనే విడివిడిగా చెప్పొచ్చని అక్కడికక్కడే చేసి చూపించాను.

వారం తిరక్కుండానే ఆఫర్ మెయిల్ వచ్చింది. చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. తుడుచుకుని మళ్ళీ చదివాను. చేరమన్న తేదీ క్యాలెండర్లో వెతికితే ఆ గడిలో నల్లటి నిండు గుండ్రం ఉంది. అమావాస్య. తేదీ మార్చమని కంపెనీని అడగడానికి నాకు భయం, అత్తయ్యగారికి తేదీ చెప్పడానికి అంతకంటే భయం. ఎప్పుడు చేరాలని ఆవిడ అడిగితే పైవారమని గొణిగి ఊరుకున్నాను.

చేరాల్సిన రోజు పొద్దున వంటింట్లోకి వెళ్ళేసరికి నా లంచ్ బాక్సు కట్టి ఉంది. పెరుగన్నం, చిక్కుడుకాయ కూర. అమావాస్య సంగతి ఆవిడకి ముందునుంచే తెలుసు. నేనే తలొంచుకుని, ఈ ఒక్కరోజుకి ఏదైనా వస్తువు ఎవరింట్లోనైనా పెట్టిరమ్మంటారా అని అడిగాను. ఆవిడ బాక్సు నా చేతిలో పెట్టింది.

“ఏడేండ్ల సంది మంచి దినాలన్ని ఇంట్లనే గడిపినవ్. ఏమొచ్చింది? పో బిడ్డా, బస్సొస్తది.”