కాడలు లేని బతుకమ్మ

ఆ రోజుల్లో అమెరికా సరిహద్దుకి ఇవతల, నది ఒడ్డునున్న సార్నియాలో చదువుకునే మేమంతా దేవుడి కోసం కంటే బస్సు కోసమే ఎక్కువ ఎదురుచూశాం. కాలేజీ నిండా మనవాళ్ళే, ఊళ్ళో పార్ట్‌టైమ్ ఉద్యోగాలు మాత్రం అరకొరే. సెప్టెంబరు దాటితే ఆకాశం కూడా ముఖం మాడ్చుకునేది. మా బేస్‌మెంట్‌లో నలుగురం ఆడపిల్లలం, అందరికీ పెద్ద కరీంనగర్ అక్క. రెండేళ్ళ ముందు వాళ్ళమ్మ పోతే, స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ రాక, కడసారి చూపుకి కూడా వెళ్ళలేకపోయింది. వాళ్ళ వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆ అమ్మేనట. అప్పట్నుంచి అక్క నోట పాట లేదు. ఈ ఏడైనా పాడకపోతే అమ్మ గొంతే మరిచిపోతానని ఆమె భయం.

అందుకే బతుకమ్మ పేర్చుదామనుకున్నాం, పువ్వులు తెచ్చే పని నాకు పడింది. నాది తెనాలి, బతుకమ్మని ఫోన్‌లో తప్ప చూసిన పాపాన పోలేదు. రోడ్డు పక్క గుబుర్లలో తంగేడులాంటి పసుపు పువ్వు కనిపించింది. ముసురులో తడుస్తూ రెండు సంచుల నిండా కోసి, మాలకి కోసినట్టు కాడలన్నీ శుభ్రంగా తుంచేశాను (మెచ్చుకుంటారని ఆశ కూడా పడ్డాను). అక్క సంచిలోంచి ఒక పువ్వు తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"కాడ లేకుంటె ఎట్ల నిలబడుతది పిల్లా?" అంది.

కాడలు లోపలికి పెట్టి వరసలు పేరిస్తేనే బతుకమ్మ లేస్తుందట. మాది పిజ్జా పళ్ళెంలో, క్యాబేజీ ఆకులు కూరితే, జానెడు లేచి ఒక పక్కకి ఒరిగింది. పైన పసుపు ముద్దతో గౌరమ్మని నిలిపి, నది ఒడ్డుకి తీసుకెళ్ళాం.

చలిగాలి. చుట్టూ నిలబడ్డాం. అక్క నోరు తెరిచింది, పాట రాలేదు. ఆ ఒరిగిన బతుకమ్మకేసి చూసి, సన్నగా ఎత్తుకుంది.

"సార్నియా ఊర్లోన ఉయ్యాలో, బస్సు రాకపాయె ఉయ్యాలో."

నవ్వుతూ వెంట పలికాం. తాలింపు వాసన వద్దన్న ఇంటి ఓనరూ, షిఫ్టులు కోసిన మేనేజరూ పాటలోకి వచ్చారు. తర్వాత అక్క అదే రాగంలో, అదే గొంతుతో, "అమ్మ కన్నుమూసె ఉయ్యాలో, నేను పోకపోతి ఉయ్యాలో" అంది. మిగతా ఇద్దరూ ఏడుపు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. రాగం రాని నేనొక్కదాన్నే వెంట పలికాను, ఘోరంగా. అక్క ఆగలేదు, ఏడుస్తూనే చివరిదాకా పాడింది. నీళ్ళలో వదిలితే మా బతుకమ్మ ఎదుటి ఒడ్డునున్న అమెరికా వైపు ఒరుగుతూ పోయింది (మాలో ఎవ్వరికీ అక్కడికి వీసా లేదు).

ఇన్నేళ్ళకి ఇప్పుడు మిస్సిసాగా అనే పెద్ద ఊళ్ళో, హాల్లో ఆడే బతుకమ్మకి, కాడలు పొడుగ్గానే కోస్తాను. పాట ఎత్తుకోమంటే నాకొచ్చింది ఆ బస్సు పాటొక్కటే. మా అమ్మాయి సిగ్గుపడి దూరంగా నిలబడుతుంది. ఇక్కడి ఆంటీలు మాత్రం, పాటలో కన్నుమూసింది ఎవరి అమ్మో తెలియకుండానే, హాలంతా వినిపించేలా ఉయ్యాలో అంటారు.