బూడిదలో ఆల్ఫా

కొర్రమీను చేతిలో నిలవదు. బూడిద పూసి పట్టుకోవాలి. మొన్న భీమవరం బజారు నుంచి తెచ్చిన చేపను పెరట్లో శుభ్రం చేస్తుంటే, తడి బూడిదా చేప నెత్తురూ కలిసిన వాసనకు రత్నంగారు గుర్తొచ్చారు.

ఆయన మా వీధి చివర, లూథరన్ చర్చి పక్కన ఉండేవారు. పాస్టర్లు కాబోయే కుర్రాళ్లకు గ్రీకు చెప్పి రిటైరయ్యారు. మా అమ్మ ఇంటింటికీ చేపలు అమ్మేది. ఆదివారాలు ఆమెతో వెళ్లి, రత్నంగారి పెరట్లో కత్తిపీట ముందు నేను కూర్చునేదాన్ని. నర్సింగు ట్రైనింగులో నాకది మొదటి సంవత్సరం. తెలుగు మీడియం నుంచి వెళ్లిన నాకు రోగాల పేర్లు తలకెక్కలేదు. మొదటి పరీక్ష తప్పాను. రెండోసారీ తప్పితే సీటు పోతుంది, అమ్మ గంప నా నెత్తికి వస్తుంది. అందుకే చేప కోస్తూ కూడా బట్టీ పట్టేదాన్ని.

"ఏంటమ్మా అది, మంత్రమా?" అన్నారు ఒకరోజు అరుగు మీంచి.

"రోగాల పేర్లండి. ఒక్కటీ గుర్తుండట్లేదండి."

"మొత్తంగా మింగేస్తే ఎలా ఉంటాయి? చేపను కోసినట్టు కొయ్యాలి."

దిగివచ్చి, నేను పరిచిన బూడిదలో వేలితో ఒక్క గీత తిప్పారు. "ఇది ఆల్ఫా. గ్రీకువాళ్ల మొదటి అక్షరం. నీ రోగాల పేర్లు చాలావరకు వాళ్ల మాటల ముక్కలే."

"చేప కదండీ," అన్నాను. ఎడమ పక్క గుండ్రటి ఒళ్లు, కుడి పక్క విచ్చుకున్న తోక.

"ఇన్నేళ్లు చెప్పాను, ఒక్కడూ ఆ మాట అనలేదు," అని నవ్వారు.

గంప సర్దుకుంటున్న అమ్మకు నచ్చలేదు. "అక్షరాలు బియ్యంలో దిద్దిస్తారండి. బూడిదలో ఏంటండి, అశుభం."

"బియ్యం మా ఆవిడ ఇవ్వదమ్మా. నీ చేపల పులుసులోకి అన్నం కావాలంటుంది."

ఇరవై నాలుగు అక్షరాలూ ఆ బూడిదలోనే దిద్దాను. తరువాత మాటలు. గుండె కార్డియా. కోసి బయటికి తీస్తే ఎక్టొమీ. చేప వెన్నుముల్లు కింద అంటుకుని, గోటితో గీకితే గాని రాని నల్లటిది నెఫ్రోస్, అంటే మూత్రపిండం. ఈస్టరు నాడు సమాధి ముందు నుంచి దొర్లిపోయిన రాయి లిథోస్. ఒకసారి తెలియని మాటకు ఊహించి అర్థం చెప్పాను. ఆయన బూడిదంతా అరచేత్తో చెరిపేశారు.

"తెలిసిన ముక్క చెప్పు. తెలియనిది తెలియదను. నువ్వు ఊహించి మందు పోస్తే తాగేది నువ్వు కాదు."

రెండో పరీక్షలో నోటి ప్రశ్నలు. "నెఫ్రోలిథియాసిస్ అంటే?" అంది పరీక్ష పెట్టే మేడమ్. నేనెక్కడా చదవని మాట. చేప వెన్ను, ఈస్టరు రాయి ఒకదాని వెంట ఒకటి కనబడ్డాయి.

"మూత్రపిండంలో రాయండి. చివర ఇంకో ముక్క ఉంది, అది నాకు తెలియదండి."

పక్కనున్నావిడ నవ్వింది. మేడమ్ నవ్వలేదు. "ఆ జబ్బు ఉండడం అని. గుర్తుపెట్టుకో," అని మార్కు వేసింది.

పాసయ్యానని చెప్పడానికి వెళితే రత్నంగారు ముందు ఏం అడిగారో, నేనేం చెప్పానో చెప్పించుకుని విన్నారు.

"తెలియదని పైకి చెప్పావా?"

"చెప్పానండి."

"అయితే ఇవాళ చేప నేను కోస్తాను. నువ్వు కుర్చీలో కూర్చో."

ఆయన కోసిన చేప చూసి అమ్మ చాలాసేపు నవ్వింది.

ఉద్యోగం ఉన్నంతకాలం చీటీలో మాట అర్థం కాకపోతే ఎంత పెద్ద డాక్టరునైనా ఆపి అడిగాను. గయ్యాళి సిస్టరన్నారు. అననీ. ఊహించి పోసిన మందు నా చేతి మీదుగా ఎవరికీ వెళ్లలేదు.

మొన్న చేప కడిగాక, మిగిలిన బూడిద పరిచి ఒక్క గీత తిప్పి చూశాను. చెయ్యి తప్పలేదు.