బ్యాటింగ్ పక్షం అంపైరు

మా వైపు క్రికెట్‌లో అంపైరును బయటి నుంచి తెచ్చుకునే అలవాటు లేదు. బ్యాటింగ్ చేసే జట్టులోనే, ఔటై వచ్చి ఖాళీగా కూర్చున్నవాడో, చివర్లో దిగాల్సినవాడో వెళ్ళి బౌలరు పక్కన నిలబడతాడు. అంటే తన జట్టువాడిని తానే ఔటని చెప్పాలి. కర్నూలులో కాలేజీ జట్టుకు ఆడే కుర్రవాడొకడు ఒకసారి మా బస్సులో ఈ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇట్లయితే మీ ఊర్లో ఎవరు ఔటైతారన్నా?" అన్నాడు. అతని నవ్వులో తప్పేమీ లేదు. మా ఆటల్లో సగం కొట్లాటతోనే ముగిసేవి. ఎల్బీడబ్ల్యూ అయితే అసలు పెట్టుకోనే లేదు. పెట్టుకుంటే తలకాయలు పగులుతాయని పెద్దవాళ్ళే తీసేశారు.

కానీ ఆ అలవాటు వల్లే నాకొక మనిషి దొరికాడు. ఆ మనిషి ఇప్పుడు నా కళ్ళ ముందే లేకుండా పోతున్నాడు. బతికే ఉన్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు, బనగానపల్లెలో పరుపుల అంగడి నడుపుతున్నాడు. అయినా పోతున్నాడు. నేను దాన్ని ఆపలేకపోతున్నాను.

మేమిద్దరం వయసులో ఉన్నప్పటి మాట. ఎండాకాలం మామిడితోటల పక్కనున్న బీడులో పోటీలు జరిగేవి. నాది చర్చి వీధి జట్టు, అతనిది పాతబస్టాండు జట్టు. ఆ ఏడు ఫైనల్లో నేను బౌలింగ్ చేస్తున్నాను, అతను అంపైరు, ఎదురుగా బ్యాటు పట్టుకున్నది అతని సొంత తమ్ముడు. ఆ తమ్ముడు నిలబడితే ఆట వాళ్ళది. నేను వేసిన బంతి కొంచెం లేచి, బ్యాటు అంచుకు తగిలీ తగలనట్టుగా వెళ్ళి మా కీపరు చేతుల్లో పడింది. టెన్నిస్ బంతికి చప్పుడెక్కడిది? కీపరుకే అనుమానం. అడగాలా వద్దా అన్నట్టు "ఏమప్పా?" అన్నాడు. నేనైతే ఆశ వదులుకుని మళ్ళీ పరుగు మొదలుపెట్టే చోటికి నడుస్తున్నాను. సొంత తమ్ముణ్ణి ఎవరు ఔటిస్తారు? వెనక ఏదో గోల వినిపించి తిరిగి చూస్తే అతని వేలు పైకి లేచి ఉంది.

వాళ్ళ జట్టు ఓడిపోయింది. తమ్ముడు బ్యాటు విసిరికొట్టి వెళ్ళిపోయి చాలా రోజులు అన్నతో మాట్లాడలేదు. జట్టువాళ్ళు నానా మాటలూ అన్నారు. సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ చాటలో బియ్యం ఏరుకుంటూ, "తగిలిందంట గదా నాయనా. తగిల్తే ఔటనే చెప్పల్ల. ఇంగేం చెప్తాడు?" అంది. అతను గుమ్మంలో కూర్చుని, "బంతి బాగా ఏసినావప్పా, శానా బాగా లేసినాది" అని నన్ను మెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచి నేను అతన్ని వదల్లేదు.

తర్వాత నాకు కండక్టరు ఉద్యోగం వచ్చింది. టికెట్ తీసుకోనివాళ్ళతో రోజూ గొంతు చించుకునే పని కాబట్టి నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అతనిది దూదేకుల సాయిబుల ఇల్లు, తండ్రి చేసిన పరుపుల పనిలోకే వెళ్ళాడు. డ్యూటీ లేని రోజు ఆట ఉందంటే నేను వాళ్ళ అంగట్లోనే. గోడకు టీవీ, కింద కొత్తగా కుట్టిన పరుపులు, గాలి నిండా సన్నటి దూది. అమ్మకానికి పెట్టిన పరుపుల మీద మేము కాళ్ళు చాపుకుని పడుకుంటే, అతని భార్య లోపలి నుంచి "ఇంగ అవి పాత పరుపులని చెప్పి అమ్ముకోండి" అని ఎత్తిపొడిచేది.

అతనికి పక్షం లేదని కాదు. మన జట్టు ఓడిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. భార్య బతిమాలి బతిమాలి విసిగిపోయి కంచం తీసేసేది. కానీ ఎదుటి జట్టు వాడు కవర్ల మీదుగా అందంగా ఒక బంతి కొడితే మాత్రం చేతిలో ఉన్న దబ్బనం పరుపులోనే గుచ్చి వదిలేసి, రెండు చేతులా చప్పట్లు కొట్టేవాడు. ఆ కొట్టినవాడిది ఏ దేశమని చూసేవాడు కాదు. మన బ్యాట్స్‌మన్ బంతి తగిలిందని తెలిసీ అంపైరు ముఖంలోకి అమాయకంగా చూస్తూ నిలబడితే, "పోరా, పో, నీకు తెల్దా?" అని టీవీని కసిరేవాడు. నేను పక్కనుండి, వాడెందుకు పోతాడు, అంపైరు ఉన్నది దేనికని వాదించేవాణ్ణి.

ఆ వాదనలే మా స్నేహం. బౌలరు బంతి వేయబోయి ఆగి, తన పక్కనుండి ముందుగా గీత దాటిన బ్యాట్స్‌మన్‌ను ఔట్ చేస్తే, అది రూల్లో ఉంది గదా అని నేను ఎగిరేవాణ్ణి. టికెట్ లేకుండా ఎక్కితే దించేయనా? అతను దారం పళ్ళతో కొరుకుతూ, "రూల్లో ఉండాది సరే. నీకు బాగుండాదా?" అనేవాడు. బాగుంది అని నేను మొండికేసేవాణ్ణి. బంతిని రహస్యంగా గీకి పట్టుబడిన పెద్ద పెద్ద ఆటగాళ్ళు కెమెరాల ముందు ఏడ్చినప్పుడు నాకు జాలి కలగలేదు, అతనికి కలిగింది. ఆటలు అమ్ముకున్నారన్న గొడవ బయటపడిన రోజుల్లో నేను ఇక టీవీ ముఖం చూడనని ఒట్టు పెట్టుకుంటే, అతనే నన్ను లాక్కొచ్చి పరుపు మీద కూర్చోబెట్టాడు. "అమ్ముకున్నోడు అమ్ముకున్నాడు. ఆట ఏం చేసినాదప్పా?" అన్నాడు. ఆ మాటతో నేను చాలా ఏళ్ళు నెట్టుకొచ్చాను.

ఈ మధ్య ఆ పొరుగుదేశంతో ఆట వచ్చింది. అంతకు ముందే ఉత్తరాన మన కొండల్లో మనవాళ్ళు అన్యాయంగా తూటాలకు చచ్చిపోయారు. ఆ కడుపుమంట అబద్ధం కాదు. నాకూ ఉంది, అతనికీ ఉంది. ఆ వార్త వచ్చిన రోజు అతను అంగడి తీయలేదు. ఆడొద్దు అని ఉంటే నేను అర్థం చేసుకునేవాణ్ణి. కానీ ఆడారు. టికెట్లు అమ్మారు, ఓవరు ఓవరుకూ ప్రకటనలు వేసుకున్నారు, చేతులు మాత్రం కలపలేదు. టాస్ దగ్గర ఇద్దరు కెప్టెన్లూ ఒకరినొకరు చూడనట్టే నడిచి వెళ్ళిపోయారు. అవతలివాళ్ళూ తక్కువ తినలేదు, తర్వాత వెకిలి సైగలు చేసి తమ బుద్ధి చూపించుకున్నారు. పగ ఉంటే ఆట మానాలి, ఆట ఆడితే చెయ్యి ఇవ్వాలి. ఈ రెండిట్లో ఏదీ చేయలేని వాళ్ళను చూసి మా వీధుల్లో పిల్లలు ఈలలు వేశారు.

ఆ సాయంత్రం అంగట్లో మేమిద్దరమే లేము. వీధిలో కుర్రవాళ్ళు చాలామంది వచ్చి పరుపుల మీద కూర్చున్నారు. అందరూ అతన్ని మామా అని పిలిచేవాళ్ళే, చిన్నప్పుడు అతని దగ్గర దూది అడిగి బంతులు చేసుకున్నవాళ్ళే. ఆట మొదలైన కాసేపటికి ఆ దేశపు బ్యాట్స్‌మన్ ఒకడు కాలు ముందుకు వేసి, నేల మీదనే బంతిని బౌండరీకి పంపాడు. మంచి దెబ్బ. ఎవరు చూసినా మంచి దెబ్బే. అతను అలవాటుగా చప్పట్లు కొట్టాడు.

ముందు కూర్చున్నవాడొకడు వెనక్కి తిరిగి, నవ్వుతూనే, "ఏం మామా, ఎవురికి కొడతాండావు?" అన్నాడు. పక్కనున్నవాడు, "కొట్టనీలేరా, వాళ్ళ జట్టు గదా" అన్నాడు. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వబోయాడు, రాలేదు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. మీరు పుట్టకముందు నుంచి ఈయన మన జట్టు ఓడితే అన్నం మానేసినాడు రా, మీలో ఎవడన్నా ఒక్క పూట మానేసినాడా అని అరిచాను. "తమాషాకు అన్యాం, నీకేంది మామా?" అని వాళ్ళు నా వైపు చూసి గొణిగారు. అతను నా మోచేయి పట్టుకుని గట్టిగా కిందికి లాగాడు. ఆ పట్టులో నన్ను శాంతింపజేయడం లేదు, భయం ఉంది.

పిల్లలు వెళ్ళాక అతను పరుపులు సర్దుతూ మాట్లాడాడు. "నువ్వు అరిసినావు, బాగుండాది. పొద్దున్నే బస్సెక్కి డోన్‌కు పోతావు. నేను ఈడనే కూసోవాల. ఆ పిల్లోళ్ళ ఇండ్లకే గదప్పా నేను పరుపులు కుట్టేది?" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "చప్పట్లే గదా. మానుకుంటే ఏం పోతాది?" అన్నాడు. ఏం పోతుందో నాకు తెలుసు. కానీ అతని అంగట్లో, అతని పరుపు మీద కూర్చుని ఆ మాట చెప్పే హక్కు నాకు లేదనిపించింది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె నాకు అన్నం పెడుతూ, పాపం ఆయన భార్య ఎట్లుందో అంది. మా చర్చి వీధిలో ఒకరిద్దరికి చెబితే, మన జోలికి రాలేదు గదా, మనకెందుకు అన్నారు. వాళ్ళను కూడా తిట్టాను. తిట్టడం తప్ప నాకు చేతనైనది ఏమీ లేదని అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత అతను చప్పట్లు కొట్టడం మానేశాడు. అంతటితో ఆగి ఉంటే నేను ఎలాగో సర్దుకునేవాణ్ణి. అంగడి ముందు జెండా కట్టాడు. ఆగస్టులో అందరూ కడతారు, అతనూ ఎప్పుడూ కట్టేవాడు, ఇప్పుడు కట్టినదాన్ని తీయడమే లేదు. ఆట చూసేటప్పుడు ముందు కూర్చునేవాడు వెనక్కి జరిగాడు. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత గమనించాను. వెనక కూర్చుంటే పిల్లల ముఖాలు కనిపిస్తాయి. బంతి పడగానే అతను టీవీని కాదు, వాళ్ళను చూస్తాడు. వాళ్ళు లేస్తే లేస్తాడు, వాళ్ళు అరిస్తే అరుస్తాడు. బంతి చేతిని వదలకముందే ఎటు తిరుగుతుందో చెప్పగలిగిన మనిషి, ఇప్పుడు ఆట చూడటానికి కుర్రవాళ్ళ ముఖాలు వెతుక్కుంటున్నాడు. ఆ వెతుకులాట చూసిన ప్రతిసారీ నాకు ఏడుపు వస్తుంది. నా వయసుకు ఏడవడం సిగ్గు కాబట్టి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వస్తాను.

మొన్న ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికి వెళ్ళాను. మధ్యాహ్నం ఆట. ఈసారి ఆ పొరుగుదేశం కూడా కాదు, సముద్రాల అవతలి తెల్లవాళ్ళ జట్టు. ఇక్కడైనా మనిషి కాస్త ఊపిరి తీసుకుంటాడని ఆశపడ్డాను. మన ఫీల్డరు ముందుకు దూకి బంతి అందుకుని పైకి చూపించాడు. అంపైర్లకు అనుమానం వచ్చి టీవీ అంపైరుకు పంపారు. తెర మీద మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నారు. బంతి నేలను తాకి చేతుల్లోకి వెళ్ళింది, పసిపిల్లవాడికి కూడా కనిపిస్తోంది.

అప్పుడు ఆ కుర్రవాళ్ళలో ఒకడు వెనక్కి తిరిగాడు. ఎగతాళిగా కాదు, మర్యాదగానే అడిగాడు. "మామా, నువ్వు చెప్పు. మా నాయన అంటాంటాడు, నీ అంత అంపైరు మన తాలూకాలోనే ల్యాడంట. పట్టినాడా, లేదా?"

చెప్పప్పా, నేల తాకిందని చెప్పు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. వాడు మంచిగా అడిగాడు. ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ రాదు. అతను తెర వైపు చూశాడు. తర్వాత వరసగా వాళ్ళ ముఖాలు చూశాడు.

"పట్టినాడు. సుబ్బరంగా పట్టినాడు" అన్నాడు.

కాసేపటికి తెర మీద నాటౌట్ అని పడింది. కుర్రవాళ్ళు ఉస్సూరన్నారు. అతను దబ్బనం విసిరేసి లేచి నిలబడి, వాళ్ళందరికంటే గట్టిగా, "కండ్లు పోయినాయా వీనికి? అమ్ముడుబోయినాడు నాకొడుకు!" అని ఆ అంపైరును తిట్టాడు. పిల్లలకు ఎంత సంతోషమైందో. "అదీ మామా!" అని ఒకడు భుజం మీద చెయ్యి వేశాడు. ఇంకొకడు పక్కకు జరిగి ముందు వరసలో చోటిచ్చాడు. అన్నేళ్ళు నిజం చెప్పినప్పుడు తమవాడు కాని మనిషి, అబద్ధం చెప్పగానే వాళ్ళవాడైపోయాడు.

నేను లేచి గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పులు వేసుకుంటున్నాను. అతను నా వెనకే వచ్చాడు.

"పోతాండావాప్పా? ఆట ఇంగా శానా ఉండాది."

"నాకు చూడబుద్ధి కాలేదప్పా" అన్నాను.

అతను ఒకసారి లోపలికి చూసి, వాళ్ళకు వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నాకూ బుద్ధి కాలేదు. నువ్వయితే లేసి పోవచ్చు. నేను పోతే అదొక మాట అయితాది" అని, ముఖానికి నవ్వు తెచ్చుకుని లోపలికి వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాడు.