వంతెన మీద హారన్

ఆమె దూరపు ఊళ్ల బస్సు నడుపుతుంది. ఒకరోజు పోవడం, మర్నాడు తిరిగి రావడం, ఆ పై రోజు ఇల్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు గానీ, ఇప్పుడు వాళ్లే తమ చుట్టాలను బస్సెక్కించడానికి వచ్చి, "డ్రైవరమ్మ ఉంటే మాకు బెంగ లేదు" అంటారు. భర్త దర్జీ. ఇంట్లోనే ముందుగదిలో మిషను వేసుకున్నాడు. కాబట్టి పిల్లల తలలు దువ్వడం, ముక్కులు తుడవడం, తగాదాలు తీర్చడం చాలామటుకు అతని వంతే. పెద్దవాడు రెండో తరగతి. చిన్నది ఇంకా బడిలో పడలేదు.

వాళ్ల మూడో అంతస్తు బాల్కనీలో నిలబడితే ఎదురుగా పెద్ద వంతెన కనిపిస్తుంది. ఊరు దాటాలన్నా, ఊళ్లోకి రావాలన్నా బస్సు దాన్ని ఎక్కక తప్పదు. వంతెన నడుమకు రాగానే ఆమె రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొడుతుంది. పిల్లలు పసుపు తువ్వాలు ఊపుతారు. పోయేటప్పుడు ఆ హారన్‌కు 'వెళ్లొస్తా' అని అర్థం. వచ్చేటప్పుడు 'కిందికి దిగండి' అని.

వంతెన దిగిన చోటే స్టాపు. ప్రయాణికులందరూ అక్కడ దిగిపోయాక ఖాళీ బస్సును డిపోకి చేర్చాలి. పెద్దవాడు అమ్మ సంచీ పుచ్చుకుని ఇంటికి పరిగెడతాడు. చిన్నది మాత్రం బస్సెక్కి అమ్మతోపాటు డిపో దాకా పోవాల్సిందే. రూలు ఒప్పుకోదు. అయినా డిపో గేటు దగ్గర కాపలా తాత ఆ సమయానికి ఆకాశంలో ఏదో వెతుక్కుంటూ ఉంటాడు. డ్రైవరు సీటు వెనక దుప్పటి, సంచీ పెట్టుకునే సందు ఒకటి ఉంది. చిన్నదాని సింహాసనం అదే.

ఈసారి బయల్దేరే రోజు పొద్దున అది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నువ్వు పోతే తొందరగా రావు. పోయినసారి కూడా రాలేదు."

"రేపు నువ్వు అన్నం తినేసరికి వంతెన మీద ఉంటా. సరేనా?"

"ఒట్టు?"

"ఒట్టే తల్లీ. లే, జరుగు."

మర్నాడు అవతలి ఊళ్లో బండి తీయబోతుండగా కంట్రోలరు అడ్డం వచ్చాడు. తర్వాతి బస్సు డ్రైవరుకు ఒళ్లు కాలిపోయే జ్వరం. "ఆ బండి మహా మొండిదమ్మా. నీ చేతిలో అయితే మాట వింటుంది. నీ బండి మన కొత్త కుర్రాడికి ఇచ్చెయ్, నువ్వు దాన్ని తీసుకురా."

అంటే ఇంటికి చేరడం రెండు గంటలు ఆలస్యం. ఫోను చేద్దామని తీసింది. చేస్తే భర్త "మళ్లీనా?" అంటాడు. చిన్నది రాగం అందుకుంటుంది. ఈ కాస్తదానికి అంత రాద్ధాంతం దేనికనిపించి, ఫోను జేబులో పడేసి కొత్త డ్రైవరును పిలిచింది.

"తమ్ముడూ, నాకో సాయం చెయ్యాలి. వంతెన మధ్యలో రెండు పొట్టి, ఒక పొడుగు హారన్ కొట్టు."

"ఏంటక్కా, అక్కడ పోలీసులుంటారా?"

"నా కూతురుంటుంది. పోలీసులే నయం."

అతను పగలబడి నవ్వి సరేనన్నాడు. హారన్ వింటే పిల్ల కుదుటపడుతుంది, ఆలోగా తాను చేరుకోవచ్చు అనుకుందే తప్ప, తువ్వాలు ఊపాక వాళ్లు ఏం చేస్తారన్నది ఆమెకు తట్టనే లేదు. స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి తువ్వాలు కనిపిస్తుంది. మెట్ల మీద ఆ చిన్న కాళ్ల పరుగు ఏనాడూ కనిపించలేదు.

బండి కదిలితే డ్రైవరు ఫోను కండక్టరు సంచీలోకి పోవడం వాళ్ల దగ్గర పద్ధతి. ఆ మొండి బస్సు కండక్టరును అందరూ బాబాయి అంటారు. ఆమె ఇదివరకు ఆయనతో చాలా ట్రిప్పులు తిరిగింది. డ్రైవరుకు ఫోను వస్తే ఆయనే ఎత్తి, బస్సంతా వినేలా అరుస్తాడు. "అమ్మాయ్! ఉప్పు డబ్బా ఎక్కడ దాచావని మీ ఆయన గోల!" ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "రెండో అర" అంటుంది. "రెండో అరలోనట!" అని వెనక సీట్లవాళ్లు అందుకుంటారు.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. బాబాయి ఎత్తాడు. అరవలేదు.

ఆమె అద్దంలోకి చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదులే. నువ్వు నడుపు."

"ఏం లేకపోతే అరిచేవాడివిగా."

ఆయన వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. "బండి కాస్త పక్కకి తియ్యమ్మా. తీశాక చెప్తా."

ఆమె సిగ్నలు వేసి, వెనక చూసుకుని, బండి పక్కకి తీసి ఆపాకే ఫోనుకు చెయ్యి చాపింది.

"ఎక్కడున్నావ్ నువ్వు?" భర్త గొంతు రొప్పుతోంది. "హారన్ విని పిల్లలిద్దరూ దిగారు. నేను ఒకావిడకి కొలతలు తీస్తున్నా. వీడొక్కడే ఏడుస్తూ వచ్చాడు. చిన్నది లేదు. బస్సులో నువ్వూ లేవంటున్నాడు. హారన్ కొట్టింది నువ్వు కాదా?"

"నేనే కొట్టమన్నా."

అతను ఏదో అనబోయేలోపే ఆమె అందుకుంది.

"తర్వాత తిట్టుకో. ఎక్కడెక్కడ చూశావ్?"

"మెట్ల కింద, కొట్ల దగ్గర, సందులన్నీ. రోడ్డుకి అవతల కూడా. ఆ రోడ్డు మీద బళ్లు ఎలా పోతాయో నీకు తెలుసు కదే..."

తెలుసు. ఆమెకు కాక ఇంకెవరికి తెలుస్తుంది.

"పెద్దోడికి ఇవ్వు."

"అమ్మా, నేను చెయ్యి వదల్లేదు," వాడికి వెక్కిళ్లు ఆగడం లేదు. "అదే లాక్కుంది."

"నిన్నెవరూ ఏమీ అనరు నాన్నా. ఎక్కడ లాక్కుంది? బస్సు ముందా, వెనకా?"

"వెనక తలుపు దగ్గర. నేనేమో నీకోసం ముందు తలుపు వైపు చూస్తున్నా."

ముందు తలుపు నిండా మూటలతో దిగే జనం, వాళ్లకు సాయంగా కండక్టరూ ఉంటారు. కొత్త డ్రైవరుకు ఈ ఇంటి అలవాటు తెలియదు. ఖాళీ బస్సులో చిన్నదాని చోటు ఎక్కడో ఆమెకు తెలుసు.

"అది బస్సులో ఉంది, నా సీటు వెనక," అంది భర్తతో. "డిపోకి పరిగెత్తు. ఆగకు."

ఫోను పెట్టేశాకే అసలు భయం మొదలైంది. డిపో చేరిన బస్సు కిటికీలు బిగించి, తలుపులు మూసి, వెనక ఖాళీ స్థలంలో ఎండకు వదిలేస్తారు. అలాంటి బస్సులో సీటు మీద చెయ్యి ఆనించలేం. ఆ మాట ఆమె బాబాయితో అనలేదు. ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డిపో ఫోను కలవడం లేదు. కొత్త డ్రైవరు ఫోను మోగుతోంది గానీ ఎత్తే దిక్కు లేదు.

"ఏమ్మా, ఇక్కడే కాపురం పెట్టమంటావా?" వెనకనుంచి ఒకాయన అరిచాడు.

"నోరు ముయ్యవయ్యా! ఆ తల్లి బిడ్డ కనపడక చస్తుంటే," ముందు సీట్లో ముసలమ్మ కసిరింది. ఆ తర్వాత బస్సులో ఎవరూ గట్టిగా దగ్గలేదు కూడా.

ఆమె గేరు మీద చెయ్యి వేసింది. "నువ్వు ఫోను చేస్తూనే ఉండు బాబాయ్. నేను నడుపుతా."

"నడపగలవా?"

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కిపోతుంది."

నడిపింది. ఎదురొచ్చే ప్రతి లారీ వెనకా కాస్త సందు కనిపిస్తోంది, దూరిపోదామని ప్రాణం లాగుతోంది. వెనక ఉన్నవాళ్లందరూ ఎవరో ఒకరి పిల్లలే అని తనకు తాను చెప్పుకుంటూ ఆ సందులన్నీ వదిలేసింది. వీపు వెనక బాబాయి "హలో, హలో" అంటూనే ఉన్నాడు. ఒకసారి "తాతా, నువ్వేనా? పరిగెత్తు, అమ్మాయి బండిలో సీటు వెనక చూడు" అన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. అద్దంలోకి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఉన్నట్టుండి విజిలు మోగింది. నోరు మూతపడని ఆ మనిషి మాట రాక విజిలు ఊదేశాడు. వెంటనే ఏడుస్తూ, ఎప్పటిలా బస్సంతా వినేలా అరిచాడు. "దొరికింది అమ్మాయ్! నీ దుప్పటి కప్పుకుని పడుకుందట! చెమటకి తడిసి ముద్దయిందట, నీళ్లు తాగిందట, తాతని కొట్టిందట!"

"తాతని కొట్టిందట!" అని వెనక సీట్లు అందుకున్నాయి.

వంతెన ఎక్కాక ఆమె చెయ్యి హారన్ దాకా పోయి వెనక్కి వచ్చింది.

ఇంటికి చేరేసరికి చిన్నది చాప మీద నిద్రపోతోంది, పక్కనే అన్న దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. భర్త ఆమె ముందు మంచినీళ్లు పెట్టాడు. తిట్లు వస్తాయని ఎదురుచూసింది. రాలేదు.

"ఇకమీదట ఆలస్యమైతే ఆలస్యమని చెప్పు," అన్నాడు చివరికి. "ఏడిస్తే ఏడుస్తుంది. ఆ ఏడుపేదో నేను పడతా."

చిన్నది లేచి తల్లిని చూసింది. చేతుల్లోకి రాలేదు. "హారన్ కొట్టి దాక్కున్నావు," అంది. అంతే.

మళ్లీ పోయినప్పుడూ, మర్నాడు తిరిగొచ్చినప్పుడూ ఆమె వంతెన మీద హారన్ కొట్టింది. రెండుసార్లూ తువ్వాలు ఊపింది పెద్దవాడొక్కడే. స్టాపులోనూ వాడే ఉన్నాడు. "అది రానందమ్మా," అన్నాడు. ఖాళీ బస్సు డిపోలో పెట్టి, ఒక్కతే నడిచొచ్చి తలుపు తట్టింది. మిషను చప్పుడు ఆగింది. ఎవరూ లేచిన అలికిడి లేదు.

"ఎవరూ?" లోపలినుంచి చిన్న గొంతు.

"అమ్మని."

"హారన్ అమ్మా, వచ్చిన అమ్మా?"

"వచ్చిన అమ్మని."

"చెయ్యి చూపించు."

తలుపు పక్క కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది. చిన్న వేళ్లు దాన్ని తిప్పి చూశాయి. స్టీరింగు రాసుకుని బొటనవేలి మొదట్లో కాయ కాసిన చోటును గోటితో గీకి చూశాయి. వాసన కూడా చూసినట్టుంది.

"నాన్నా, నువ్వు తియ్యకు. నేను తీస్తా," అంది లోపలి గొంతు.

గడియ దానికి అందదు. ఆమె గుమ్మం బయట కదలకుండా నిలబడింది. లోపల ఎక్కడో దూరంనుంచి, నేల మీద గీసుకుంటూ, ఆగి ఆగి, స్టూలు ఒకటి తలుపు వైపు రావడం వినిపిస్తోంది.